కార్తీక పౌర్ణమి పిల్లల ప్రోగ్రాం, మెల్‌బోర్న్: ఎవరు ఏ పని?

ఆదోని: రాత్రికల్లా పేర్లు రాయండప్పా. చంద్రుడు ఎందుకు పెరిగి తగ్గుతాడో చూపించే పాఠానికి నల్ల కర్టెన్లు, సూర్యునికి బదులు పెద్ద బల్బు, చంద్రునికి బదులు 30 థర్మోకోల్ బాల్స్. ఇంకా సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, మైకు. ఇంకొకటి, ఇప్పుడే పార్కు వాళ్ళ మెయిల్ వచ్చింది, రాత్రిపూట పర్మిషన్ ఇయ్యరంట, 8కే గేట్లు వేస్తారంట.

తాడిపత్రి: పున్నమి చంద్రుడు సూర్యునికి ఎదురుగా ఉంటాడు, పొద్దు గూకేటప్పుడు గానీ పైకి రాడు, ఇక్కడ నవంబర్లో పొద్దు గూకేదే 8కి! చంద్రుడు లేకుండా చంద్రుని పాఠం ఎట్ల చెప్పేది? ముందే అడగమని చెప్తి కదా.

ఆదోని: రెండుసార్లు అడిగినానన్నా, నైట్ డ్యూటీ దిగొచ్చి మరీ ఫోన్ చేసినా. అంతైతే మీరే మాట్లాడుకోండి.

పులివెందుల: పాఠం తీసేసి హాల్లో డాన్సులు పెట్టుకుందాం.

ప్రొద్దుటూరు: ఒద్దు. మా పాప భూమి నీడ పడి చంద్రుడు తగ్గుతాడనే అనుకుంటాంది, నేనూ చానా ఏండ్లు అదే అనుకున్నా. నీడ పడేది గ్రహణానికి మాత్రమే, అదీ చంద్రుని దోవ 5 డిగ్రీలు వాలి ఉండబట్టి ప్రతి పున్నమికీ పడదు. ఈ ఒక్క ముక్కన్నా పిల్లోళ్ళకు తెలియాల.

తాడిపత్రి: తమ్ముడూ, కోపంలో అనేసినా, మనసులో పెట్టుకోవద్దు. ఒక వారం ముందుకు జరుపుదామా, అష్టమికి? ఒక్కో తిథికి సూర్యునికీ చంద్రునికీ నడుమ ఎడం 12 డిగ్రీలు పెరుగుతాది, అష్టమి సగానికి సరిగ్గా 90. అంటే మధ్యాహ్నానికే వచ్చేసి సాయంత్రం 5కి ఈశాన్యంలో బాగా పైన ఉంటాడు, గేట్లు తెరిచే ఉంటాయి.

పులివెందుల: పగలైతే బల్బు వెలుగు ఏం తెలుస్తాదన్నా?

ప్రొద్దుటూరు: రాత్రి ఇది చదివినాక నిద్ర పట్టలేదు. ఈరోజు బహుళ అష్టమి కదా, పొద్దున 8కి పాపను బడికి దింపి చూస్తే ఉత్తరం దిక్కున సగం చంద్రుడు. బ్యాగులో నిమ్మకాయ ఉంటే ఎండలో నిలబడి చంద్రుని పక్కకు వచ్చేట్టు చెయ్యి చాపినా. నిమ్మకాయకు కుడిపక్క ఎండ, చంద్రునికీ కుడిపక్కే, వెలుగూ నీడా కలిసే గీత కూడా రెండిట్లో ఒకే తీరుగా వాలి ఉంది, ఒళ్ళు జలదరించింది నాకు. సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటాది, ఆ సగంలో మనవైపు ఎంత తిరిగి ఉంటే అంత చంద్రుడు. బల్బు ఎందుకు, సూర్యుడే ఉన్నాడు.

ఆదోని: మాట్లాడినా. రెండు వారాలకు వచ్చే శనివారం, 3 నుంచి 7 దాకా సరేనన్నారు. పున్నమి దీపాలు ఎవరిండ్లల్లో వాళ్ళు పెట్టుకుందాం. కర్టెన్లు, బల్బు ఎవరూ కొనొద్దు.

తాడిపత్రి: శానా సంతోషం తమ్ముడూ. ఆ సాయంత్రం ఇండియాలో మన ఊర్లోవాళ్ళను చంద్రుని ఫోటో పంపమని చెప్పండి. వాళ్ళు దక్షిణం దిక్కు చూస్తారు కాబట్టి కుడిపక్క వెలుగు, మనం ఉత్తరం చూస్తాం కాబట్టి ఎడమపక్క. ఎందుకట్ల అని పిల్లోళ్ళు కచ్చితంగా అడుగుతారు, అది నేను చెప్తా.

ప్రొద్దుటూరు: థర్మోకోల్ కూడా ఒద్దు, చిన్న సంగటి ముద్దలు 30 చేస్తా. చంద్రుని నేల తెల్లగా ఉండదు, పడిన వెలుగులో నూటికి 12 పాళ్ళే తిరిగొస్తాది, ముద్ద రంగే దానికి దగ్గర. కిటికీ దగ్గర ఎండలో పెట్టి చూసినా, సగం సగం బాగా తెలుస్తాంది.

ఆదోని: రాగిపిండి నేను తెస్తా వదినా. 5 కిలోలు చాలునా?