జ్యూరీ లేట్ చేస్తే ముద్దాయిని వదిలేస్తారా?

పర్లాకిమిడి కుర్రోడు: ఆ అమెరికా మర్డర్ కేసు లైవ్ చూస్తన్నారా ఎవరైనా, జ్యూరీ (దోషా కాదా తేల్చే మామూలు జనం) చర్చించుకోడానికి లోపలికెళ్ళి రెండో రోజు, ఇక్కడ టీ కొట్టుకాడ అప్పుడే సగం మంది వదిలేస్తారనీ సగం మంది యావజ్జీవమనీ తేల్చేశారు. ఏటంటారు?

రాయగడ: టైమ్ బట్టి ఏటీ చెప్పలేం గురూ. 1995లో మాజీ భార్యని చంపాడని అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు సింప్సన్ మీద పెట్టిన కేసు నాలుగ్గంటల్లోపే తేల్చి నిర్దోషి అన్నారు, 2021లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ణి ఓ పోలీసు చంపిన కేసుకి పది గంటలు పట్టింది, ఆ పోలీసు మూడు అభియోగాల్లోనూ దోషే. పన్నెండు మందీ ఒక్క మాట మీదకి రావాల, ఒక్కరు మొండికేసినా ఆగిపోద్ది.

బరంపురం అక్క: మన దగ్గరా ఉండేది జ్యూరీ. 1959లో భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ ఆఫీసర్ నానావతి కేసులో 8-1తో నిర్దోషి అన్నారు, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపితే యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. అప్పుడూ జనమంతా ఆయన పక్కే. అందుకే ఈ పందాలంటే నాకు ఒళ్ళు మండుతాది తమ్ముడూ, నిన్న లైవ్‌లో చూశావా, చనిపోయినమ్మాయి తల్లి ఒళ్ళో రుమాలు మడతపెడతా విప్పుతా ఎలా కూచుందో.

పర్లాకిమిడి కుర్రోడు: చూశానక్కా, మనసు పాడైపోయింది. మరి జ్యూరీ వాళ్ళు ఇంటికెళ్ళి ఫోన్లో ఇవన్నీ చూడరా?

రాయగడ: చూడొద్దని జడ్జి పదేపదే చెప్తాడు. పెద్ద కేసులైతే హోటల్లోనే ఉంచేస్తారు, సింప్సన్ జ్యూరీని నెలల తరబడి అలాగే ఉంచారు.