అంతమంది ఫైవ్ స్టార్లు (హైస్కూల్లో టాప్ రేటింగ్ వచ్చిన కుర్రాళ్లు) వచ్చినా కాలిపరి రాబట్టింది తక్కువేనా?

హాఫ్‌కోర్ట్:
కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ కాలిపరికి కెంటకీ యూనివర్సిటీలో 15 సీజన్లు (2009–24). నాలుగు ఫైనల్ ఫోర్‌లు (దేశవ్యాప్త కాలేజీ టోర్నీ సెమీస్), కప్పు మాత్రం 2012లో ఒక్కటే. జాన్ వాల్, ఆంథొనీ డేవిస్, టౌన్స్ ముగ్గురూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (ప్రో జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే వరసలో) నంబర్ 1గా పోయినవాళ్లే. ఇంత సరుకుకి ఒక్క కప్పేనా?

బ్రాకెట్_బాబాయ్:
ఒక్కటి ఓడితే ఇంటికే అనే టోర్నీలో కప్పులు లెక్కపెడితే ఏమీ తేలదు. సీడ్ (టోర్నీలోని నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో జట్లకి ముందే ఇచ్చే 1–16 ర్యాంకు) పట్టి చూడండి. పై సీడ్లన్నీ గెలిచాయనుకుంటే ఫైనల్ ఫోర్ వరకు 1వ సీడ్‌కి 4 విజయాలు రావాలి, 2కి 3, 3–4కి 2, 5–8కి 1. ఇలా వేస్తే 2010–19లో కెంటకీకి రావలసినవి 24, వచ్చినవి 31. 2022–24లో రావలసినవి 6, వచ్చింది 1. 2019 దాకా ఒక లెక్క, ఆ తర్వాత ఒక లెక్క.

ప్లాటూన్15:
బాబాయ్, అందులో తిరకాసుంది. 2014 జట్టు సీజన్‌కి ముందు ర్యాంకుల్లో నంబర్ 1. మార్చికి 8వ సీడ్‌కి జారింది. అక్కణ్ణుంచి ఫైనల్‌కి పోతే మీ లెక్కలో లాభం 4! మరి మధ్యలో పోయింది ఎవరి ఖాతా? ఫైనల్లో ఫ్రీత్రోలు (ఫౌల్‌కి ఇచ్చే షాట్లు) 24కి 13 పడ్డాయి, ఎదుటి జట్టు యూకాన్‌వి (కనెక్టికట్ యూనివర్సిటీ) 10కి 10. ఓడింది 6 పాయింట్లతో.

బ్రాకెట్_బాబాయ్:
నిజమే. అసలు టోర్నీకే రాని 2013, 2021 (9–16) కూడా ఈ లెక్కకి అందవు.

కార్నర్‌త్రీ:
స్టార్లు ఇచ్చేవాళ్లు ఎక్కువగా చూసేది రేపు ఎన్‌బీఏలో ఏమవుతాడని: ఎత్తు, చేతుల పొడవు, ఎగురు. జోన్ (మనిషిని కాకుండా చోటుని కాసే డిఫెన్స్) మీద షాట్ పడుతుందా అన్నది వేరే సంగతి. 2010లో వెస్ట్ వర్జీనియా 1-3-1 జోన్ వేస్తే కెంటకీ మొదటి 20 త్రీలు (మూడు పాయింట్ల దూరపు షాట్లు) వరసగా పోయాయి, మొత్తం 32కి 4. ఆ కెంటకీ జట్టులోంచి ఐదుగురు డ్రాఫ్ట్ ఫస్ట్ రౌండ్‌లో పోయారు మరి. 2012 ఫైనల్లో డేవిస్ షాట్లు 10కి 1. అయినా 16 రీబౌండ్లు, 6 బ్లాకులు. స్కోరింగ్ భారం మోసింది రెండో ఏడాది డోరన్ లాంబ్, 22 పాయింట్లు. పక్కన సీనియర్ డారియస్ మిల్లర్. అలా కాలేజీలో ఆగి ఆడేవాళ్లు ఉన్నప్పుడే ఆ స్టార్లు పనికొచ్చారు.

పోర్టల్_పరంధామయ్య:
అసలు దెబ్బ వయసు దగ్గర పడింది. కోవిడ్ వల్ల ఆటగాళ్లకి ఇచ్చిన అదనపు ఏడాది, 2021 నుంచి ఏడాది కూర్చోకుండానే వేరే కాలేజీకి బదిలీ. 18, 19 ఏళ్ల పిల్లల ఎదుట 22, 23 ఏళ్లవాళ్లు దిగుతున్నారు. 2024లో కెంటకీని ఓడించిన ఓక్‌లాండ్ తరఫున 10 త్రీలు కొట్టిన జాక్ గోల్కీ డివిజన్ 2 (కింది స్థాయి) నుంచి వచ్చినవాడే. సీజనంతా 52 శాతం త్రీలు వేసిన మన రీడ్ షెపర్డ్‌కి ఆ రోజు 3 పాయింట్లు. 2025లో కప్పు కొట్టిన ఫ్లోరిడా కూడా అంతే: క్లేటన్ అయోనా నుంచి, రిచర్డ్ బెల్మాంట్ నుంచి బదిలీ మీద వచ్చారు.

హాఫ్‌కోర్ట్:
అయితే ఫ్రెష్‌మెన్‌తో (మొదటి ఏడాది కుర్రాళ్లతో) కప్పు రాదంటారా?

కార్నర్‌త్రీ:
2015 డ్యూక్‌కి వచ్చిందిగా. కాకపోతే సీనియర్ క్విన్ కుక్ ఉన్నాడు. ఫ్రెష్‌మెన్ జయాన్, బారెట్ ఉన్న 2019 డ్యూక్ జట్టు మిషిగన్ స్టేట్ మీద 68–67తో ఎలైట్ ఎయిట్‌లోనే (క్వార్టర్స్‌లోనే) ఆగింది.

ప్లాటూన్15:
బాబాయ్ లెక్కకి ఇంకో వరస: కెంటకీ వదిలాక కాలిపరి వెళ్లిన ఆర్కన్సా 2025, 10వ సీడ్, రావలసినవి 0, వచ్చినవి 2. మూడోది టెక్సస్ టెక్ మీద 16 పాయింట్ల ఆధిక్యం వదిలేసి ఓటీలో (అదనపు సమయంలో) పోగొట్టారు.