రెండు తరగతులు, 26 మంది పిల్లలు: పాఠం అందరికీ అందేలా చెప్పడం ఎలా?

కొత్త టీచరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుని. ఉద్యోగంలో చేరి ఇది రెండో సంవత్సరం. బడిలో మొత్తం 54 మంది పిల్లలు, చెప్పేవాళ్లం ఇద్దరం. 60 మంది వరకు ఇద్దరే అన్నది విద్యాహక్కు చట్టం లెక్క కాబట్టి మూడో టీచరు వస్తారన్న ఆశ లేదు. నాలుగు, అయిదు తరగతులు కలిపి 26 మంది నా గదిలో కూర్చుంటారు.

పాఠం చెబుతున్నంతసేపూ ఆరేడుగురు నా వైపే చూస్తుంటారు. ప్రశ్న అడిగితే లేచేవి ఆ చేతులే. మిగిలినవాళ్లు బోర్డు మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటారు, చదవమంటే తల దించుకుంటారు. మెల్లగా చెబితే ఆ ఆరేడుగురికి విసుగు. వేగం పెంచితే ఇరవై మంది వెనకబడతారు.

మొన్న అయిదో తరగతి అబ్బాయి ఒకడు తడుముకోకుండా ఒక పేజీ చదివాడు. సంతోషంగా దగ్గరికి వెళ్లి చూస్తే వాడి వేలు రెండో లైను మీద ఉంది, నోరు అయిదో లైనులో ఉంది. అంతా కంఠస్థం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత పంతులు

అమ్మా, మీరు రెండో ఏడాదిలోనే పిల్లవాడి వేలు చూశారు. నాకు అది అలవాటు కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 31 ఏళ్లు చెప్పి రిటైరైనవాణ్ని, నాకు తెలిసింది రాస్తాను.

ముందు పాఠం ఆపండి. రెండు రోజులు చాలు. ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి అయిదేసి నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోండి. 26 మందికీ కలిపి రెండుంబావు గంటల లోపే. 2005 నుంచి పల్లె పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేవాళ్లు ఊరూరా తిరిగి చేస్తున్నది ఇదే: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడు ఎక్కడ ఆగితే అది వాడి మెట్టు. మన భాషకు మాత్రం మధ్యలో ఇంకో రెండు మెట్లు కావాలి. అక్షరాలు వచ్చి గుణింతం రానివాడు వేరు, గుణింతం వచ్చి ఒత్తు దగ్గర ఆగేవాడు వేరు. 'బడి' చదువుతాడు, 'బండి' చదువుతాడు, 'బల్ల'ను 'బల' అంటాడు. వాడికి నేర్పాల్సింది ఒత్తులు ఒక్కటే. అది తెలియక మళ్లీ అ, ఆల నుంచి దిద్దిస్తే వాడు బడి మీదే విరక్తి పెంచుకుంటాడు.

చదివించేది పాఠ్యపుస్తకంలోంచి వద్దు. మీ ఊరి చెరువు గురించో, సంత గురించో నాలుగు వాక్యాలు మీరే రాయండి. అప్పుడు కంఠస్థం సాయం రాదు.

ఆ తర్వాత రోజూ ఉదయం మొదటి గంట తరగతులు మరిచిపోండి. మెట్టును బట్టి కూర్చోబెట్టండి. అయిదో తరగతి అబ్బాయి, నాలుగో తరగతి అమ్మాయి ఒకే చాప మీద ఒత్తులు నేర్చుకుంటారు. తోటి టీచరు ఒప్పుకుంటే మూడో తరగతినీ కలపండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన ఈ పద్ధతినే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. మన దగ్గరే, ప్రతి పిల్లవాడికీ చదవడం, లెక్క చేయడం ముందు రావాలని తెలంగాణలో 2022లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టారు.

లెక్కల్లోనూ అంతే. తప్పు జవాబును కొట్టేయకుండా చదవండి. 52లో 38 తీసేయమంటే ఒక అమ్మాయి 26 అని రాసింది. చాలామంది ఇలాగే రాస్తారు. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసేసింది, 5లోంచి 3 తీసేసింది. ఆ పిల్ల తీసివేత తప్పు కాదు, ఆ 5 అంటే యాభై అన్న సంగతి తెలియదు. నేను చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టి ఇచ్చాను. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. "ఎనిమిది ఇవ్వు" అన్నాను. రెండు ఇచ్చి నా మొహం చూసింది. నేను మాట్లాడలేదు. కాసేపు కట్టల వైపు చూసి, ఒక బ్యాండు తీసేసింది. పన్నెండు పుల్లలూ కింద పేర్చుకుని ఎనిమిది లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. తర్వాత మూడు కట్టలు ఇచ్చింది. తన దగ్గర మిగిలినవి 14. 'పక్కనుంచి అప్పు తెచ్చుకో' అని అప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను. ఆ బ్యాండు విప్పినప్పుడు గాని ఆ మాట అమ్మాయికి అర్థం కాలేదు.

ఒక జాగ్రత్త. ఒకప్పుడు నేను రానివాళ్లందరినీ ఒక మూల కూర్చోబెట్టి నెలల తరబడి కదపలేదు. ఒక పిల్ల బడి మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే "నేను ఆ మూల కూర్చోను సార్" అంది. ఇప్పటికీ నన్ను బాధపెట్టే మాట అది. పదిహేను రోజులకోసారి మళ్లీ చదివించి చూడండి, పైమెట్టుకు వచ్చినవాళ్లను వెంటనే మార్చండి. లెక్కల గంటలో మరో రకంగా కూర్చోబెట్టండి. ఎవరి చోటూ శాశ్వతం కాకూడదు.

పలక మాస్టారు

పంతులు గారు చెప్పినదంతా నిజం. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మీ మిగిలిన గంటల కోసం ఒక మాట.

"అర్థమైందా?" అని అడగడం మానేయండి. అందరూ "అయింది" అంటారు. చేతులెత్తమనడం కూడా మానండి. అందరి దగ్గరా పలక ఉంచండి. ప్రశ్న అడగండి, రాయమనండి, "పలకలు పైకి" అనండి. 26 జవాబులు ఒక్క చూపులో కనిపిస్తాయి. వెనక కూర్చున్నవాడు కూడా ఆలోచించక తప్పదు. నా ఎనిమిదో తరగతి పిల్లలు మొదట సిగ్గుపడ్డారు, వారం దాటాక వాళ్లే అడిగి పలకలు తీస్తున్నారు.

అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు. మూడు సెకన్లు వినడానికి తక్కువే గాని, తరగతిలో నిశ్శబ్దంగా నిలబడితే చాలా పొడుగ్గా ఉంటాయి. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటాను.

తండా బడి

ఒక్కటి అడుగుతాను మేడమ్. తల దించుకునే పిల్లల ఇంటి భాష ఏమిటి? మా తండాలో పిల్లలు అమ్మను 'యాడి' అంటారు, నీళ్లను 'పాణి' అంటారు. 'నీరు' అన్న పాఠం చెబితే ఒకటో తరగతి పిల్లలు గోడల వైపు చూసేవాళ్లు. ఇప్పుడు కొత్త పాఠానికి ముందు పది మాటలు వాళ్ల భాషలో వాళ్లతోనే చెప్పించి, పక్కన తెలుగు మాట రాస్తాను. నాకు లంబాడీ రాదు, వాళ్లే నాకు నేర్పుతున్నారు. మౌనంగా ఉండే పిల్ల నాకు ఉచ్చారణ సరిదిద్దిన రోజు నుంచి తరగతిలో మాట్లాడుతోంది.

కొత్త టీచరు

అందరికీ కృతజ్ఞతలు. మరి సిలబస్ సంగతి? రోజూ ఒక గంట తీసేస్తే పాఠాలు మిగిలిపోతాయి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది అదే.

పాత పంతులు

మిగులుతాయి. ఇప్పుడు పూర్తవుతున్నది మీ సిలబస్ అమ్మా, పిల్లలది కాదు. తనిఖీ అధికారికి మీరు రాసుకున్న 26 పేర్ల పట్టిక చూపించండి, ఏ తేదీన ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో. నన్ను దాని తర్వాత ఎవరూ పాఠాల లెక్క అడగలేదు.

కొత్త టీచరు (మూడు వారాల తర్వాత)

పట్టిక వేశాను. కథ చదివినవాళ్లు ఏడుగురు, పేరా దగ్గర ఆగినవాళ్లు అయిదుగురు. ఒత్తుల దగ్గర తొమ్మిదిమంది, గుణింతాల దగ్గర నలుగురు, అక్షరాల దగ్గర ఒక్కడు. ఇరవై మంది వెనకబడ్డారని రాశాను, నిజానికి అందులో చాలామందికి అడ్డం ఒత్తులే.

వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉన్న అబ్బాయిది ఒత్తుల చాప. నిన్న నేను కాగితం మీద రాసిన సంత కథలో 'బెల్లం' దగ్గర ఆగాడు. నేనూ ఆగాను. 'బె... లం' అన్నాడు, వెనక్కి వెళ్లాడు, కింద ఉన్న ఒత్తు మీద వేలు పెట్టి 'బెల్లం' అన్నాడు. వేలూ నోరూ ఒక్కచోటే ఉన్నాయి.

ఇక అక్షరాల దగ్గర ఉన్న ఆ ఒక్కడు. వాడికి 'వ', 'మ' తేడా తెలియడం లేదు. ఇసుకలో రాయించాను, బోర్డు మీద పక్కపక్కన పెట్టి చూపించాను. మీలో ఎవరైనా ఈ రెండింటినీ ఎలా నేర్పారో చెబుతారా?