1971 యుద్ధ సైనికుడికి మా ఊరి సన్మానం: సలహాలు కావాలి

ప్రశ్న: నల్లగొండ జిల్లాలోని మా ఊరిలో 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో పాల్గొన్న పెద్దాయన ఒకరున్నారు. డిసెంబరు 16న, విజయ్ దివస్ నాడు, ఆయనను బడిలో సన్మానించాలనుకుంటున్నాము. ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు 1: శాలువా సరే గానీ, నాయకుల ప్రసంగాలన్నీ ముగిసేదాకా ఆ వయసు మనిషిని షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టడం మాత్రం సన్మానం కాదు. ఆయన పతకాలను బల్లపై పరిచి, ఏది దేనికి వచ్చిందో ఆయన చేతే పిల్లలకు చెప్పించండి.

జవాబు 2: మా నాన్నగారు కూడా మాజీ సైనికులే. పింఛను ఆగకుండా ఏటా జీవన ప్రమాణ పత్రం, అంటే బతికే ఉన్నారని తెలిపే ధ్రువపత్రం, సమర్పించాలి. వేలిముద్రలు అరిగి యంత్రం గుర్తించకపోతే, ఫోనులో ముఖ గుర్తింపుతో నేనే పూర్తి చేస్తాను. ఆ పెద్దాయనకు ఈ పని చేసిపెట్టేవారున్నారో లేదో ముందు కనుక్కోండి.

జవాబు 3: డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. ఆ రోజు పిల్లలతో విరాళాలు సేకరించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి అందజేయండి.