పాత జీపు పికప్పుకు లారీ డిస్కులు బిగించవచ్చా?

బత్తాయి తోట (నల్లగొండ):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1984లో కొన్న మహీంద్రా జీపు పికప్పు పదకొండేళ్లు తోట దగ్గరి రేకుల షెడ్డులో పడి ఉండేది. గత ఏడాది దాన్ని బయటికి తీసి, ఇంజను బోరు చేయించి, తుప్పు తిన్న అడుగు రేకు మార్పించి, రంగు కూడా వేయించాను. దేవరకొండ వైపు తోటల నుంచి బత్తాయి కాయ మోసిన బండి కనుక దాన్ని మళ్లీ రోడ్డు మీద చూడాలని ఇంట్లో అందరికీ ఉంది. ఇప్పుడు చక్రాల దగ్గర ఆగిపోయాను.

పాత 16 అంగుళాల డిస్కుల్లో, అంటే టైరు ఎక్కించే చక్రాల్లో, రెండింటికి అంచులు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఇంతలో తెలిసినవారొకరు, తుక్కుకు పోయిన ట్రైలరు లారీవి 22.5 అంగుళాల అల్యూమినియం డిస్కులు నాలుగు తక్కువ ధరకు ఇస్తామన్నారు. అమెరికాలో పాత పికప్పులకు ఇలాంటి డిస్కులు బిగించి తిప్పుతున్న వీడియోలు చూసినప్పటి నుంచి నాకూ మనసు అటే లాగుతోంది. జీపు హబ్బుకు (ఇరుసు కొసన డిస్కు బిగించే భాగానికి) 5 బోల్టులు, లారీ డిస్కుకు 10 రంధ్రాలు ఉన్నాయి. డిస్కుకు కొత్తగా 5 రంధ్రాలు వేయిస్తే సరిపోతుందా, లేక నడుమ ఏదైనా పళ్లెం పెట్టించాలా? టైర్లు ఇంకా కొనలేదు. బండి రోజూ తిరిగేది కాదు. తోటకూ, నెలకు ఒకటి రెండుసార్లు నల్లగొండకూ వచ్చిపోతే చాలు.

లేతు పని (మిర్యాలగూడ):

నమస్కారం అన్నగారూ. రైసు మిల్లుల షాఫ్టులు, ట్రాక్టరు హబ్బులు తిప్పుతూ ఇరవై ఏళ్లుగా లేతు మీదే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. కొత్త రంధ్రాలు వేయడం కుదరదు. బలం చాలదని కాదు, వేయడానికి అక్కడ లోహమే లేదు. మన దగ్గరి 22.5 అంగుళాల లారీ డిస్కులో 10 రంధ్రాలు సాధారణంగా 335 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి, హబ్బు దూరే నడిమి రంధ్రమే 281 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ జీపు బోల్టుల వలయం 139.7 మిల్లీమీటర్లు, అంటే పాత లెక్కలో ఐదున్నర అంగుళాలు. ఆ డిస్కును జీపు హబ్బుకు ఆనించి చూడండి, మీ 5 బోల్టులూ ఆ నడిమి ఖాళీలోనే కనబడతాయి. అమెరికా లారీల్లో రంధ్రాల వలయం 285.75 మిల్లీమీటర్లే అయినా, ఈ విషయంలో తేడా ఏమీ రాదు.

ఇక మిగిలేవి రెండు దారులు. ఒకటి, ఒకవైపు జీపు హబ్బుకు 5 బోల్టులతోనూ, మరోవైపు లారీ డిస్కుకు 10 బోల్టులతోనూ కూర్చునే మందపాటి ఉక్కు పళ్లెం తిప్పించడం. అది నేను రెండు రోజుల్లో తిప్పి ఇవ్వగలను. అయితే లారీ డిస్కు బరువు బోల్టుల మీద కాదు, హబ్బు నడుమ ఎత్తుగా ఉండే గట్టు మీద ఆనుతుంది. అందుకని పళ్లేనికి 281 కొలత గట్టు వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి, అటు జీపు హబ్బు మీద కూడా అంతే నడిమికి కూర్చోవాలి. అంతా సరిగ్గా వచ్చిందనుకున్నా, చివరికి ఆ భారమంతా పడేది అర అంగుళం లావున్న 5 జీపు బోల్టుల మీదే.

రెండోది, డిస్కు నడిమి భాగం కోసేసి జీపు కొలతకు కొత్తది వెల్డింగు చేయడం. మీవి అల్యూమినియం డిస్కులు కనుక ఇది అసలే వద్దు. లారీలకు వచ్చే అల్యూమినియం డిస్కులు దిమ్మను భారీ ప్రెస్సు కింద ఒత్తి, తరువాత వేడిచేసి చల్లార్చి గట్టిపరిచినవి. వెల్డింగు సెగ తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది, పైకి మాత్రం అతుకు నిగనిగలాడుతూనే ఉంటుంది. మరో మాట, ఉక్కు డిస్కుకైనా సరే, టైరు ఎక్కించి ఉండగా, గాలి తీసేసినా, వెల్డింగు పెట్టనివ్వకండి. వేడికి లోపలి రబ్బరు ఆవిరై అంటుకుంటే టైరు పేలుతుంది, ఎదురుగా ఉన్న మనిషి దక్కడు.

లారీ డిస్కు గిన్నెలా లోతుగా ఉండటం ఇంకో చిక్కు. లోతు బయటికి కనబడేలా పెడితే టైరు మడ్‌గార్డు దాటి పొడుచుకొస్తుంది; తిప్పి పెడితే లోపలి కమాను పట్టీలకు రాసుకుంటుంది.

పాలమూరు జీపు (జడ్చర్ల):

లేతు అన్నగారు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. ఏడెనిమిదేళ్ల కిందట నేనూ నా జీపుకు ఇలాగే పళ్లేలు పెట్టించాను. అవి లారీ డిస్కులకు కూడా కాదు, 6 రంధ్రాల మినీ లారీ డిస్కులకు. చూడటానికి బండి ఎంతో దర్జాగా ఉండేది. నెల తిరగకముందే భూత్పూరు దగ్గర జాతీయ రహదారి మీద స్టీరింగు వణకడం మొదలైంది. బ్యాలెన్సు పోయిందనుకుని నేను పట్టించుకోలేదు. ఇంటికి వచ్చి చూస్తే ముందు ఎడమ చక్రంలో రెండు నట్ల కింది నుంచి ఇటుక రంగు గీత ఒకటి, తడి ఆరిన చారలాగా, డిస్కు అంచు దాకా జారి ఉంది. నట్టు వదులై లోహం లోహానికి రాసుకుంటే వచ్చే తుప్పు పొడి అది. పళ్లెం విప్పితే, వెనక ఒక బోల్టు సగానికి పైగా చీలి ఉంది. చక్రం ఊడకుండా ఇల్లు చేరడం నా అదృష్టమే. పళ్లేనికి వెనక దాగిన నట్లను చక్రం విప్పకుండా ఎవరూ బిగించలేరు. ఆ సంగతి పళ్లెం అమ్మినవారు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

టైరు లెక్క కూడా చూసుకోండి. జీపుతో వచ్చే 6.00-16 టైరు ఎత్తు సుమారు 730 మిల్లీమీటర్లు. 295/80ఆర్22.5 లారీ టైరు ఎత్తు 1044. అంటే చక్రం 43 శాతం పెద్దది. మీటరు 40 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 57 మీద పోతూ ఉంటుంది. అదే లెక్కన, పాత డ్రమ్ము బ్రేకులు అంతే దూరంలో బండిని ఆపాలంటే 43 శాతం ఎక్కువ పట్టు కావాలి, అంత పట్టు వాటికి లేదు. ఆ టైరు ఒక్కటే 3,550 కేజీలు మోయడానికి చేసింది, మీ బండిలో ఒక్కో చక్రం మీద పడేది ఐదారు వందల కేజీలు కూడా ఉండదు. దాని పక్క గోడలు వంగనే వంగవు కనుక గతుకు గతుకుకీ దెబ్బ మీ నడుముకూ కమానుకూ తగులుతుంది, వానలో పట్టు కూడా తక్కువే.

చౌటుప్పల్ బండ్లు (చౌటుప్పల్):

అమెరికా వీడియోల గురించి ఒక మాట. అక్కడ ఈ పని ఎక్కువగా చేసేది 8 బోల్టుల భారీ ఇరుసులున్న పికప్పులకు. వాటి బోల్టుల వలయం 165.1 మిల్లీమీటర్లు, బేరింగులు, బ్రేకులు మన జీపు కంటే ఎన్నో రెట్లు దిట్టం. వారు వాడేవి కర్మాగారంలో తిప్పిన పళ్లేలు. ఆ కొలతలు మన జీపుకు తెచ్చి అంటించలేము. అయినా పై ఇద్దరు మిత్రుల మాట పూర్తిగా ఒప్పుకోను. బండిని ప్రదర్శనకు నిలబెట్టి ఉంచడానికే అయితే పళ్లెం పెట్టించి బిగించుకోవచ్చు, కదలని బండికి బ్రేకులతో పనేముంది? రోడ్డెక్కితేనే చిక్కు.

రోడ్డెక్కే ఉద్దేశం ఉంటే చట్టం కూడా చూడాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది చేర్చిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి కనుక రిజిస్ట్రేషను పొడిగింపునకు రవాణా అధికారికి చూపించవలసిందే. పొరపాటున ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది కూడా చక్రాలనే.

లేతు పని (మిర్యాలగూడ):

బండి కొంచెం ఎత్తుగా, బరువుగా కనబడాలన్నదే మీ కోరిక అయితే 7.00-16 టైరు చూడండి. ఎత్తు సుమారు 775 మిల్లీమీటర్లు, తేడా 6 శాతమే. అయితే దానికి 5.5 అంగుళాల వెడల్పు డిస్కు ఉండాలి, జీపు పాత డిస్కు 4.5 మాత్రమే. 139.7 కొలతకు 5 రంధ్రాల ఉక్కు డిస్కులు కొత్తవి దొరుకుతాయి, కోత, వెల్డింగు ఏవీ అక్కర్లేదు. ఈ మార్పునకైనా అధికారిని ముందుగా అడిగి కొనండి. పాత డిస్కులు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త: ఆ కాలపు జీపుల్లో ఎడమ వైపు బోల్టులకు ఎడమ మర ఉండేది. మామూలుగా విప్పినట్టే పానా తిప్పితే నట్టు ఇంకా బిగుసుకుని బోల్టు తెగుతుంది. బోల్టు కొస మీద ఎల్ అక్షరం ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి.

బత్తాయి తోట (నల్లగొండ):

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం కిరోసిన్ గుడ్డతో తుడిచి చూశాను. ముందు ఎడమ చక్రానికి నాలుగు బోల్టుల మీద ఎల్ అక్షరం కనబడింది, ఐదోదాని మీద లేదు. ఎప్పుడో ఎవరో కుడి మర బోల్టు ఒకటి దిగ్గొట్టి ఉంటారు. ఇన్నేళ్లూ అదే బోల్టుతో మా నాన్నగారు కాయ మోశారు! ట్రైలరు డిస్కులు వద్దని చెప్పేశాను. లేతు అన్నగారూ, డిస్కులు వచ్చేలోపు ఆ ఒక్క బోల్టు మార్చుకోవడం మంచిదా, లేక ఎడమ వైపు పదింటినీ ఒకేసారి మార్పించాలా?

లేతు పని (మిర్యాలగూడ):

పదీ మార్చండి అన్నగారూ. డ్రమ్ములు ఊడదీసి నా దగ్గరికి తెస్తే, హబ్బు రంధ్రాలు సాగాయో లేదో కూడా చూసి పెడతాను.