అంగం ముందు చర్మం బిగుసుకుపోయి మంట, పగుళ్ళు: బలవంతంగా వెనక్కి లాగొచ్చా?

బెజవాడ_36:
అందరికీ నమస్తే. వయసు 36, పెళ్ళయింది, సున్తీ చేయించుకోలేదు. మొన్న సంక్రాంతి దాకా ఏ ఇబ్బందీ లేదు, స్నానంలో చర్మం మామూలుగానే వెనక్కి వచ్చేది. ఆ తర్వాత ఎర్రబడి దురద మొదలైంది, లోపల తెల్లగా పొర కడుతోంది, చర్మం అంచు చుట్టూ కాగితం కోసినట్టు సన్నటి చీలికలు. అవి మానేసరికి చర్మం ఇంకాస్త బిగుస్తోంది, కలయిక తర్వాత మళ్ళీ పగులుతోంది. ఇప్పుడు సగం కూడా వెనక్కి రావట్లేదు, ఉచ్చ పోస్తుంటే మంట. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు బాగుండి, ఆపగానే మళ్ళీ మొదలు. రోజుకి రెండుసార్లు యాంటీసెప్టిక్ సబ్బుతో కడుగుతున్నా. యూట్యూబులో ఒకాయన రోజూ గట్టిగా లాగితే వదులవుతుంది అంటున్నాడు. లాగాలా వద్దా? ఆపరేషన్ తప్పదా? అసలు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

గోదారిగట్టు:
లాగొద్దు తమ్ముడూ. పుండు మీద లాగితే మళ్ళీ చీలుతుంది, ఆ చీలిక మానేటప్పుడు మచ్చ కట్టి గట్టిపడుతుంది, అలా ప్రతిసారీ ఇంకాస్త ఇరుకవుతుంది. ముందు వాపు, పుండు పూర్తిగా తగ్గాలి, సాగదీయడం ఆ తర్వాతి మాట.

షుగర్ టెస్టు చేయించావా? ఇన్నాళ్ళూ బాగున్న చర్మం ఈ వయసులో బిగుసుకుందంటే మొదట చూడాల్సింది అదే. మా అన్నయ్యకి షుగర్ బయటపడింది ఇలాగే. అతిదాహం లేదు, నీరసం లేదు, ఈ పగుళ్ళు తప్ప ఇంకేం లేవు. రక్తంలో చక్కెర బాగా పెరిగితే ఉచ్చలోకి దిగుతుంది, చర్మం కింద తడి నిలిచే చోట ఫంగస్‌కి అదే మేత. ఇంకోటి, షుగర్‌కి వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరని ఉచ్చలోంచే బయటికి పంపుతాయి కాబట్టి అవి వేసుకునేవాళ్ళకీ ఈ బాధ వస్తుంది. చదివేవాళ్ళలో ఎవరైనా అవి వాడుతుంటే సొంతంగా ఆపేయకండి, డాక్టరుకి చెప్పండి, మార్చి రాస్తారు.

స్కిన్_ఓపీ_బ్రదర్:
స్కిన్ ఓపీలో స్టాఫ్ నర్సుని అన్నా, ఇలాంటివాళ్ళు మాకు రోజూ వస్తారు, సిగ్గుపడాల్సిన పని లేదు. పెద్ద గవర్నమెంటు ఆసుపత్రుల్లో డీవీఎల్ ఓపీ (చర్మ, సుఖవ్యాధుల విభాగం) అడగండి, లేదా స్కిన్ డాక్టరు, యూరాలజిస్టు ఎవరైనా చూస్తారు.

మొదట ఆ సబ్బు ఆపండి. సబ్బు, యాంటీసెప్టిక్ రెండూ ఆ పల్చటి చర్మాన్ని ఇంకా కాలుస్తాయి. గోరువెచ్చని నీళ్ళు చాలు, ఎంతవరకు నొప్పి లేకుండా వస్తే అంతవరకే వెనక్కి అని కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనిచ్చి, చర్మాన్ని మళ్ళీ ముందుకి తెచ్చేయాలి. షాపువాళ్ళు ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల ఎరుపు వెంటనే తగ్గుతుంది, ఫంగస్ మాత్రం నాలుగు రోజుల్లో పూర్తిగా చావదు, అందుకే ఆపగానే తిరగబెడుతోంది. ఫంగస్ అని తేలితే మామూలుగా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకి రెండుసార్లు, వారం నుంచి రెండు వారాలు. మానేదాకా కలయిక వద్దు. ఇంట్లో ఆవిడకి దురద, తెల్లబట్ట ఉంటే ఆవిడ కూడా చూపించుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఈ క్రీములకి కండోమ్ దెబ్బతింటుంది, దాన్ని నమ్ముకోకండి.

పుండు మానాక కూడా బిగువు ఉంటే అప్పుడు డాక్టర్లు బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఒక్కటే ఉన్న క్రీము రాస్తారు, ఆ ఇరుకు రింగు మీద మాత్రమే పల్చగా, 4 నుంచి 8 వారాలు. దాంతో పాటే మెల్లగా సాగదీయాలి. బిగువు తెలియాలి, నొప్పి రాకూడదు. చాలామందికి కత్తి అవసరం లేకుండానే వదులవుతుంది.

బెజవాడ_36:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ పొద్దున టెస్టు చేయించాను, పరగడుపున 168, ఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చూపే టెస్టు) 7.9. షుగర్ ఉందని ఊహించనే లేదు, టెన్షన్‌గా ఉంది. షుగర్ అదుపులోకి వస్తే ఇది దానంతటదే పోతుందా?

మేడిచెట్టు:
పుండ్లు పదేపదే రావడం బాగా తగ్గుతుందండీ, కానీ కట్టిన మచ్చ దానంతటది కరగదు. చర్మం అంచు తెల్లగా పాలిపోయి గట్టి రింగులా తగులుతోందా చూసుకోండి. అలా ఉంటే అది లైకెన్ స్క్లెరోసస్ (చర్మం తెల్లబడి గట్టిపడే దీర్ఘకాలపు చర్మవ్యాధి) కావచ్చు, నాకు వచ్చింది అదే. దానికి గట్టి స్టెరాయిడ్ రాస్తారు, లొంగకపోతే సున్తీయే సరైన వైద్యం, ముక్క తీసి పరీక్షకి పంపిస్తారు. వదిలేస్తే ఉచ్చ దారి కూడా ఇరుకవుతుంది, చాలా ఏళ్ళు పోతే క్యాన్సర్ భయం కాస్త పెరుగుతుంది. ఆపరేషన్‌కి ఎక్కువమందికి మత్తు ఇంజెక్షన్ అక్కడికే ఇస్తారు, అదే రోజు ఇంటికి పంపేస్తారు, కరిగిపోయే కుట్లు రెండు మూడు వారాల్లో రాలిపోతాయి, కలయికకి మాత్రం 4 నుంచి 6 వారాలు ఆగాలి.

ఎప్పుడైనా చర్మం వెనక్కి వెళ్ళి ఇరుక్కుని ముందుకి రాకుండా ముందుభాగం వాచిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా క్యాజువాలిటీకి పరుగెత్తండి, రక్తం ఆగిపోయే ప్రమాదం ఉంది. ఉచ్చ సన్నటి ధారగా వస్తున్నా, అసలు రాకపోయినా, జ్వరం వచ్చినా అంతే. ఆ రిపోర్టు పట్టుకుని ముందు ఫిజీషియన్‌ని కలవండి, ఈ పగుళ్ళ సంగతి ఆయనకీ చెప్పండి, మాత్ర ఎంచుకునేటప్పుడు అది తెలియాలి.