అప్‌డేట్: నేలసంపెంగ మొత్తానికి కాడ వేసింది

కుండీలో ఆకులు గుబురుగా పెరుగుతున్నా పూలకాడ రావట్లేదు, ఏ ఎరువు వేయాలి అని అడిగాను కదా. అసలు సమస్య ఎరువుది కాదు. "ముందు కుండీ బోర్లించి దుంపలు చూడండి" అన్నవారికి థాంక్స్ అండి.

బోర్లిస్తే లోపల ఖాళీయే లేదు, పాత దుంప చుట్టూ అన్నీ పిల్ల దుంపలే. నేలసంపెంగలో ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, దాని పిల్లలే పూయాలి. ఇరుకులో అవి లావెక్కకపోతే ఆకులతోనే సరి. విడదీసి, 2 సెం.మీ. కంటే లావుగా ఉన్నవాటిని 5 సెం.మీ. లోతున, జానెడు ఎడంతో నాటాను. సన్నవి వేరే కుండీలో పెట్టాను, వాటికి ఇంకో ఏడాది పట్టొచ్చు. నత్రజని ఎక్కువున్న ఎరువు ఆపి, రోజంతా ఎండ తగిలే చోటికి మార్చాను. మొలక వచ్చేదాకా నీళ్లు తక్కువ పోయమన్నారు చూడండి, అదే అన్నిటికంటే కష్టం. చెయ్యి ఊరుకోదు!

ఇప్పుడు కాడలు లేచి కింది మొగ్గలు విచ్చుకుంటున్నాయి. చీకటి పడితే చాలు, వాసన గదుల్లోకి వచ్చేస్తోంది.

ఇంకో డౌట్: కాడలు గాలికి వాలిపోతున్నాయి. దుంపకు గుచ్చుకోకుండా ఊతకర్ర ఎంత దూరంలో పాతాలి?